ట్రంకు పెట్టెలో వేరే ఇంటిపేరు

ప్రశ్న: నమస్కారమండీ. మాది కందుకూరు దగ్గర పల్లె. పదేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. నాన్న పోయి ఏడాదైంది. మొన్న సంవత్సరీకానికి ఊరెళ్లినప్పుడు అటక మీద నుంచి నాయనమ్మ ట్రంకు పెట్టె దించాం. అడుగున గుడ్డలో చుట్టి నాలుగు పాత స్టాంపు కాగితాలున్నాయి. ఒకదాంట్లో తాత పేరు కనిపించింది కానీ, పొలం రాసిచ్చినాయన ఇంటిపేరు మాది కాదు. మా చిన్నాయనని అడిగితే "ఎవరివో, మనవి కావులే, పారెయ్" అన్నాడు. మా పాప ఏడో తరగతి. స్కూల్లో వంశవృక్షం గీసుకురమ్మంటే తాత దగ్గరే ఆగిపోయాం. ముత్తాత పేరు ఎవరికీ తెలియదు. పెద్దవాళ్లలో మిగిలింది మా మేనత్త ఒక్కతే. ఉలవపాడులో ఉంటుంది, ఎనభై దాటాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? ఆన్‌లైన్‌లో దొరుకుతుందా? డీఎన్ఏ టెస్టు చేయించుకోమని ఆఫీసులో ఒకరన్నారు, చేయించుకోమంటారా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం:

అమ్మా, ముందు ఆ కాగితాలు పారేయకండి. ముప్పై ఏళ్లు రిజిస్ట్రారాఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. ఎవరిదో కాగితాన్ని గుడ్డలో చుట్టి, కలరా ఉండలు వేసి, ట్రంకు పెట్టె అడుగున దాచుకున్న నాయనమ్మను నేనింతవరకు చూడలేదు. అవి మీవే. ఎలా మీవయ్యాయో తేలాలి, అంతే.

అయినా మొదటి ప్రయాణం కాగితాల దగ్గరికి వద్దు, ఉలవపాడుకి. కాగితం ఇంకో ఏడాది ఆగుతుంది. ఈ శనివారమే బస్సెక్కండి.

వెళ్లి పుస్తకం, పెన్ను తీసి "అత్తా, మన వంశం గురించి చెప్పు" అని మాత్రం అడగొద్దు. "నాకేం తెలుసే, మీ నాయనకి తెలుసు" అంటుంది, కథ అక్కడితో సరి. పెళ్లి గురించి అడగండి. "అత్తా, నీ పెళ్లిలో నిన్ను గంపలో ఎత్తుకొచ్చిన మేనమామ ఎవరు?" అనండి. ఆ ఒక్క ప్రశ్నతో మీ నాయనమ్మ పుట్టింటి ఊరు, ఇంటిపేరు, ఆమె అన్నదమ్ములు ఎంతమందో అన్నీ వస్తాయి. ఆ మామ ఎంత కట్నం చదివించాడు, ఎందుకు అలిగాడు అన్నది కూడా వస్తుంది. అలకలు కొట్టెయ్యకండి, రాసుకోండి. మన వాళ్లకి చుట్టరికాలు గుర్తుండేది అలకల వల్లే. తర్వాత "మీ అమ్మ పురుళ్లకి ఏ ఊరు పోయేది?", "పుట్టువెంట్రుకలు ఏ కొండ మీద తీయించేవాళ్లు?" అనండి.

నాలుగోది నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. "మనకి మైల ఎవరెవరికి పట్టేది?" పక్క ఊళ్లో ఎవరో పోతే మీ ఇంట్లో పదిరోజులు పసుపు కుంకాలు, పూజలు ఆగిపోయాయంటే వాళ్లు మీ దాయాదులు. ఎలా దాయాదులో ఇవాళ ఒక్కరికీ తెలియకపోవచ్చు. నాలుగైదు తరాల కిందట ఇద్దరన్నదమ్ములు విడిపోయిన సంగతి మనుషులు మరిచిపోయినా మైల మరిచిపోదు. ఆ ఇళ్లకి వెళితే మీకు తెలియని ముత్తాత పేరు వాళ్లకి తెలిసి ఉండొచ్చు.

ఫోన్‌లో రికార్డు చేయండి, ఆవిడకి చెప్పే చేయండి. ఫ్యాను ఆపించండి. నేను ఒకసారి గంటన్నర కూర్చుని రికార్డు చేసుకొచ్చిన దాంట్లో ఫ్యాను రొద తప్ప ఏమీ మిగల్లేదు.

ఇంకో సంగతి. ముత్తాత పేరు ఎవరికీ తెలియదన్నారు. మరి నాన్నగారి పన్నెండో రోజున సపిండీకరణంలో పురోహితుడు ఏ పేర్లు చెప్పించాడు? పోయినవాళ్లని వాళ్ల తండ్రి, తాత, ముత్తాతలతో పేరుపేరునా కలిపే తంతు అది. ఎవరో ఒకరు చెప్పే ఉండాలి. మీ తమ్ముడో, చిన్నాయనో, లేదా మీ తాత కర్మ చేయించిన పాత పురోహితుడి కొడుకో. పేర్లు తెలియకపోతే దేవుడి పేరు పెట్టి కానిచ్చేసే వాళ్లూ ఉన్నారు కాబట్టి, అలా వచ్చిన పేరుని పెన్సిల్‌తోనే రాసుకోండి.

ఆవిడ తారీఖులు చెప్పదు. "మా నాయన పింగళలో పుట్టాడంట" అంటుంది. నవ్వుకోకండి, అది ఖచ్చితమైన తేదీకి సగం దారి. మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 పింగళ. దానికి ముందు పింగళ 1917, అంతకు ముందుది 1857. మీ అత్తకి ఎనభై దాటాయంటే ఆమె తండ్రి పుట్టింది 1917 పింగళలోనే అయ్యుండాలి. ఒక్క జాగ్రత్త: ఉగాదికి మారే సంవత్సరం కాబట్టి మాఘంలో, ఫాల్గుణంలో పుట్టారంటే 1918 వేసుకోవాలి. స్కూలు రికార్డులో ఉన్న పుట్టినరోజుని మాత్రం నమ్మకండి. జులై ఒకటిన పుట్టినవాళ్లు మన ఊళ్లలో అంతమంది ఎందుకున్నారో ఏ పాత హెడ్మాస్టరునడిగినా చెబుతాడు.

పేర్లని కూడా వినండి. పెంచలయ్య, పెంచలమ్మ అనే పేర్లు తరతరాలుగా ఉన్న ఇంటికి పెంచలకోనతో ఏదో సంబంధం ఉంటుంది. మాలకొండయ్య అంటే మీ కందుకూరు వైపు మాల్యాద్రి నరసింహస్వామి. మస్తానయ్య, మస్తానమ్మ అని హిందువుల ఇళ్లలో కనిపిస్తే కసుమూరు దర్గాకి మొక్కుకుని కన్న బిడ్డ. వెంగమ్మ అంటే నర్రవాడ పేరంటాలు. ఇంట్లో ఉన్నట్టుండి కొత్త దేవుడి పేరు మొదలైందంటే ఆ తరంలో కోడలు ఆ వైపు నుంచి వచ్చిందేమో చూడాలి.

ఇక మీ స్టాంపు కాగితం దగ్గరికొద్దాం. స్టాంపు మీద ఎవరి బొమ్మ ఉంది? ఆరో జార్జి అయితే 1936 తర్వాత ముద్రించిన స్టాంపు, అయిదో జార్జి అయితే అంతకంటే పాతది. మొదటి వాక్యంలోనే అది ఏ రకం దస్తావేజో రాసి ఉంటుంది. శుద్ధ క్రయం అంటే అమ్మకం, స్వాధీన తాకట్టు అంటే అప్పు, పారీఖత్తు అంటే అన్నదమ్ముల పంపకం, దఖలు అంటే ప్రేమతోనో బాధ్యతతోనో ఊరికే ఇచ్చింది. రాసిచ్చినాయన ఇంటిపేరు వేరంటున్నారు కాబట్టి నా అనుమానం దఖలు మీదికి పోతోంది. "నెల్లూరు జిల్లా కందుకూరు తాలూకా ఫలానా గ్రామ కాపురస్తులు ఫలానా వారి కుమారుడు, వ్యవసాయం, ఫలానా, నా కుమార్తె భర్తవైన నీకు..." అని ఉందేమో వేలు పెట్టి చదవండి.

ఉంటే మీ తాత ఇల్లరికపు అల్లుడు.

మగపిల్లలు లేని ఇంట్లో కూతురికి పెళ్లి చేసి అల్లుణ్ణి ఇంటికే తెచ్చుకోవడం మన వైపు చాలా పాత ఆచారం. రెడ్లలో, కమ్మవారిలో ఇది ఉందని, ఆ అల్లుడికి మామ ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు వస్తుందని మద్రాసు హైకోర్టు బ్రిటిషు కాలంలోనే ఒప్పుకుంది. ఇంతా చేసి ఆయన ఇంటిపేరు మారదు. దత్తత పోయినవాడికి మారుతుంది, ఇల్లరికం వచ్చినవాడికి మారదు. పిల్లలకీ తండ్రి ఇంటిపేరే. అందువల్ల రెండు తరాలు గడిచేసరికి ఊరు ఒకరిది, పొలం ఒకరిది, ఇంటిపేరు ఇంకొకరిది అవుతుంది. మీ ఇంటిపేరు వాళ్లు ఆ ఊళ్లో ఇంకెవరూ లేరా? లేకపోతే నా అనుమానం ఇంకా బలపడుతుంది. మీ తాత పుట్టిన ఊరు వేరే ఎక్కడో ఉంది, మీ ముత్తాత అక్కడున్నాడు, మీరు ఇన్నాళ్లూ వేరే ఊళ్లో వెతుకుతున్నారు.

అది శుద్ధ క్రయమే అయినా నిరాశపడొద్దు. చెక్కుబందీ చదవండి: తూర్పు ఫలానా వారి మెట్ట, దక్షిణం వాగు, పడమర మీ తాత అన్న పేరేమో! పాలివాళ్ల పొలాలు పక్కపక్కనే ఉంటాయి, ఒకప్పుడు అంతా ఒకటే చెక్క కాబట్టి. సాక్షుల్ని చూడండి, బావమరుదులు, వియ్యంకులు అక్కడే సంతకాలు పెడతారు. "ఈ ఆస్తి నాకు ఎట్లా సంక్రమించిందంటే" అనే పేరా ఉంటే అదే మీ వంశవృక్షం. దాంట్లో ఒక్కోసారి మూడు తరాల పేర్లుంటాయి. ఇంటి నుంచి కూతురికి పసుపు కుంకుమ కింద పోయిన ఎకరా అరెకరా లెక్క ఉంటే వదలకండి. అక్కడ తప్ప ఆడవాళ్ల పేర్లు కాగితం మీద కనిపించవు.

చివరగా కాగితం తిప్పి వెనక చూడండి. రిజిస్ట్రేషన్ ముద్రలో దస్తావేజు నంబరు, సంవత్సరం, ఒకటో పుస్తకం, వాల్యూం, పేజీలు ఉంటాయి. భూమి దస్తావేజులన్నీ ఈ ఒకటో పుస్తకంలోనే ఎక్కుతాయి. 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో 57వ సెక్షన్ ప్రకారం ఈ పుస్తకాన్ని, దాని ఇండెక్సుల్ని ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. ఇండెక్సులు రెండు: ఒకటి మనుషుల పేర్ల మీద, రెండోది సర్వే నంబర్ల మీద. మీరు రెండోదాన్ని పట్టుకోండి. పేరు ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాస్తాడు, సర్వే నంబరు అలా మారదు. ఇంటిపేరు వెంట పోయినవాళ్లు దారి తప్పడం చూశాను. పొలం వెంట పోయినవాళ్లు ఎక్కడో ఒకచోట తేలారు. కంప్యూటర్‌లో వచ్చే ఈసీ, అంటే ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, దాదాపు ఎనభైల నుంచే దొరుకుతుంది. అంతకు ముందువి మాన్యువల్‌గా వెతకమని దరఖాస్తు పెట్టుకోవాలి. ఒక పూట సెలవు పెట్టుకుని, ఓపిగ్గా పొద్దున్నే వెళ్లండి.

దరఖాస్తులో జిల్లా పేరు దగ్గర చాలామంది తికమకపడతారు. మీ ఊరు కదల్లేదు, జిల్లాలే కదిలాయి. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడితే దాంట్లో కలిసింది. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో కందుకూరుని మళ్లీ నెల్లూరులో కలిపారు, ఆ తర్వాత కూడా మార్పులు జరిగాయి కాబట్టి ఇప్పటి జిల్లా ఏదో ఆఫీసులో అడిగి రాయండి. ఒంగోలు వాళ్లదైతే 1904కి ముందు నెల్లూరు, తర్వాత గుంటూరు. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చినవి. 1953కి ముందు ఇదంతా మద్రాసు కింద ఉండేది కాబట్టి పైస్థాయి రికార్డు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉంటుంది. అక్కడిదాకా పోవాల్సిన అవసరం మీకు ఇప్పట్లో రాదు. ఊరికే తెలుసుకోండి.

రెవెన్యూ వైపు చూడాల్సినవి పాత అడంగళ్లు (ఏటేటా ఏ పొలం ఎవరు సాగు చేశారో లెక్క), పది ఒకటి ఖాతా (ఎవరి పేరున ఎంత భూమి ఉందో లెక్క), భూమి కొలిచి శిస్తు కట్టిన సెటిల్‌మెంటు నాటి డైగ్లాట్ రిజిస్టరు (రెండు భాషల్లో రాసింది). ఈ చివరిదాంట్లో సర్వే నంబరుకి ఎదురుగా అప్పటి పట్టాదారు పేరు ఉంటుంది. మీ ముత్తాత దొరికితే అక్కడే దొరకాలి. దర్శి, పొదిలి వైపు చాలా ఊళ్లు వెంకటగిరి జమీందారీలో ఉండేవి. అలాంటి ఊరైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్‌మెంటు రికార్డు చూడాలి, అంతకు ముందువి జమీందారు కచేరీ లెక్కలు. 1984లో కరణాలు, మునసబుల్ని తీసేసినప్పుడు ఊళ్లో పుస్తకాలన్నీ తాలూకాఫీసుకి చేరాయి, మరుసటి ఏడాది మండలాలొచ్చి అవి మళ్లీ చెదిరాయి. కొన్ని చెదలకి పోయాయి. ఒక ఆఫీసులో నేను అడిగిన రిజిస్టరు అట్ట మాత్రమే మిగిలింది, లోపల పొడి. అందుకే పాత కరణంగారి ఇంటి వాళ్లని కూడా ఒకసారి పలకరించండి.

పాత అడంగల్ మీద 1357 అని కనిపిస్తే అది కొండవీటి రెడ్ల కాలం కాదమ్మా, ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలపండి, 1947 జులై నుంచి 48 జూన్ దాకా.

ఇప్పుడు మీ చిన్నాయన సంగతి. "పారెయ్" అన్నది ఆ కాగితం తెలియక కాకపోవచ్చు. ఆడపిల్లకి పిత్రార్జితంలో వాటా అన్న చట్టం మన రాష్ట్రంలో ఎనభైల్లోనే వచ్చింది. అప్పటి నుంచి ఇంటి ఆడపిల్ల పొలం కాగితాలు అడిగితే మగవాళ్లకి టెన్షన్. వాటా మీ హక్కు, దాన్ని వదులుకోమని నేను చెప్పను. కానీ ఈ పనిని ఆ పనితో కలపకండి. కాగితాలన్నిటికీ జిరాక్సులు తీసి, ఒక సెట్టు ముందే ఆయన చేతిలో పెట్టి, "చిన్నాయనా, నాకు పేర్లు కావాలి, పాప ప్రాజెక్టుకి" అని చెప్పండి. అప్పుడు ఆయన నోటి నుంచే సగం వస్తుంది. ఇంకొకటి, వాటిని లామినేషన్ మాత్రం చేయించొద్దు. నేను మా తాత పట్టాని జిరాక్సు షాపులో ముచ్చటపడి చేయించాను. వేడికి కాగితం ఉబ్బి, సర్వే నంబర్లున్న వరసే మాసిపోయింది. ప్లాస్టిక్ కవరులో మడతలు విప్పి పెట్టుకుంటే చాలు.

నా తప్పు ఇంకోటి కూడా చెప్పేస్తాను. మా ఇంట్లో తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ. మీ ఇంట్లోనూ అంతే అయ్యుంటుంది. ఎడ్ల పందెం కోసం అప్పు చేసిన ప్రోనోటు ఒకటి దొరికితే, మా ముత్తాత పందేలకి ఎకరాలు తగలేశాడని రెండేళ్లు పెళ్లిళ్లలో, పేరంటాల్లో అందరికీ చెప్పుకొచ్చాను. తీరా చూస్తే అది ఆయన మనవడి నోటు, మా పెదతాతది. ముత్తాత పోయిన ఆరేళ్లకి రాసింది! పేరు ఎప్పుడూ ఒంటరిగా రాసుకోకండి. పక్కన తండ్రి పేరు, ఊరు, ఏ కాగితంలో చూశారో తేదీతో సహా రాసుకోండి.

మీ ఉత్తరం చదివే వాళ్లలో పొలం ఎన్నడూ లేని ఇళ్ల వాళ్లూ ఉంటారు. వాళ్లకి రిజిస్ట్రారాఫీసు పనికిరాదు, వేరే దారులున్నాయి. ఒంగోలు చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలైతే పాత సంఘాల్లో బాప్తిస్మం, పెళ్లి రిజిస్టర్లు అడగాలి. 1876–78 కరువు తర్వాత, 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ దగ్గర జాన్ క్లౌ దొర మిషన్‌లో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ బాప్టిస్టు మిషన్ ఉత్తరాలు, రిపోర్టులు అమెరికాలో అట్లాంటాలోని వాళ్ల చరిత్ర భండాగారంలో ఉన్నాయి. ఇంట్లో "మా వాడొకడు ఓడెక్కి పోయాడంట" అన్న మాట ఉంటే, 1860–1911 మధ్య మద్రాసు నుంచి దక్షిణాఫ్రికా నేటాలుకి వెళ్లిన కూలీల ఓడ జాబితాలు వెతకాలి. వాటిలో మనిషి పేరు, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి.

చాలా కులాలకి వంశం చెప్పే ఆశ్రితులు ఉండేవాళ్లు. రెడ్లు, కమ్మవారికి ఇప్పుడు వంశరాజులంటున్న వాళ్లు, మాదిగలకి డక్కలివారు, మాలలకి మాష్టివారు. కోతల తర్వాత వచ్చి గోత్రం, ఇంటిపేరు, మూలపురుషుడు చెప్పి గింజలు పట్టుకెళ్లేవాళ్లు. మీ మేనత్త చిన్నప్పుడు చూసే ఉంటుంది, ఏ ఊరి నుంచి వచ్చేవాళ్లో అడగండి. వాళ్లు చెప్పే వరసలో ఊళ్ల పేర్లు, వలస దారి తీసుకోండి. మూలపురుషుడు రాజుగారి ఏనుగుని లొంగదీసిన ఘట్టం వస్తే తృప్తిగా విని, కానుకిచ్చి పంపండి. పొగడటం వాళ్ల వృత్తి, అందులో తప్పేం లేదు.

డీఎన్ఏ టెస్టు దండగ. మీ పూర్వీకులు దక్షిణ భారతంలో ఉండేవాళ్లని చెబుతుంది. ఆ డబ్బుతో ఉలవపాడుకి నాలుగుసార్లు వెళ్లిరావచ్చు, దారిలో సపోటాలు కూడా కొనుక్కోవచ్చు. ఆన్‌లైన్‌లో అయితే ఫ్యామిలీసర్చ్ అనే వెబ్‌సైటు ఉచితం, చెట్టు గీసి దాచుకోవడానికి బాగుంటుంది. మన పల్లె ముత్తాత అందులో ముందే కూర్చుని ఉంటాడని అనుకోకండి. విదేశాల వాళ్లు చూసే జనాభా లెక్కల పేర్ల జాబితాలు మన దగ్గర బయటికివ్వరు.

పాప ప్రాజెక్టుకి చార్టు మీద మగవాళ్ల గొలుసు ఒక్కటే గీయించకండి. ప్రతి కోడలి పేరు పక్కన పుట్టింటి ఇంటిపేరు, ఊరు వేయించండి. తెలియనిచోట ఖాళీ గడి వదిలేయమనండి. టీచరు మార్కులు తగ్గిస్తే తగ్గించనీ.

ఇక ఆ దస్తావేజు వెనక వైపుని వెలుతురులో ఫొటో తీసి నాకు పంపండి. ఆ గొలుసుకట్టు రాత మీకు అర్థం కాదు. నంబరు, సంవత్సరం నేను చదివి రాసిస్తాను, అవి పట్టుకుని వెళుదురుగాని.